వడ్డీని సంవత్సరానికి లెక్క కట్టి చూసుకున్నాక

అంబాజీపేట పరిసరాల్లో కొబ్బరి తోట మీద బతికే మాలాంటి కుటుంబాలకు డబ్బు దింపు దింపుకీ, అంటే చెట్ల నుంచి కాయలు దించే సుమారు రెండు నెలలకొకసారి, ఒక్క మొత్తంగా వస్తుంది. కిరాణా ఖాతా, పాలు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు, వడ్డీలు మాత్రం నెలనెలా కట్టాల్సిందే. తెల్లదోమ పట్టి కాపు తగ్గిన ఏడాదే వెయ్యి కాయల ధర కూడా పడిపోవడంతో చేబదుళ్లు పెరిగి, ఫోను మోగితే తీయడానికి జంకే పరిస్థితి మా ఇంట్లో వచ్చింది.

నేనూ మా ఆవిడా కూర్చుని ముందుగా బాకీలన్నీ ఒకే కాగితం మీద రాశాము. నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు అని చెప్పుకోవడం వల్ల వడ్డీ చిన్నదిగానే వినిపిస్తుంది గానీ, సంవత్సరానికి లెక్క కడితే అవి 24 శాతమూ, 36 శాతమూ అయ్యాయి. మూడు లక్షల లోపు పంట రుణానికి బ్యాంకు వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే రాయితీ పోను 4 శాతమే. ఇంత తేడా తెలిసీ జనం ప్రామిసరీ నోటు రాసిచ్చి బయట అప్పు చేయడం తెలివితక్కువతనం అనుకోను. బ్యాంకుకు పాసుపుస్తకం, అడంగల్ (ఏ భూమిలో ఏ పంట ఉందో చూపే రెవెన్యూ పత్రం) పట్టుకుని తిరగాలి. నోటు రాస్తే సాయంత్రానికి డబ్బు చేతిలో ఉంటుంది.

బ్యాంకు పంట రుణం ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు వచ్చాక ఎరువులకూ, తోటలోని నీటి బోదెల పూడికతీతకూ బయట అప్పు చేయడం మానేశాము. అలా మిగిలిన దింపు సొమ్ము నోటు బాకీకి మళ్లింది.

ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు. అది దగ్గరపడగానే పేరుకున్న వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకోవడం ఇక్కడి ఆనవాయితీ. అక్కడి నుంచి వడ్డీకి వడ్డీ మొదలవుతుంది. గడువు తీరకముందే కొంత కట్టి, పాత నోటు వెనుకే చెల్లు రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి కనుక అప్పిచ్చినవారికీ నష్టం లేదు. మాకు అప్పిచ్చినాయనకు ఈ సంగతి వివరించి, "అసలుకి ఎంతో వడ్డీకి ఎంతో విడివిడిగా రాద్దాం బాబాయిగారూ" అని అడిగాను. ఆయన "బ్యాంకోడివైపోయావురా" అని నవ్వినా, కళ్లజోడు తెప్పించుకుని, నోటు తిరగేసి, రెండు అంకెలూ నా చేతే వేయించి తేదీతో సంతకం పెట్టించుకున్నారు.

ఇంటి ఖర్చుకు మాత్రం మాకు మేమే జీతం ఏర్పాటు చేసుకున్నాము. దింపు సొమ్ములో తోట ఖర్చు, వడ్డీ పోగా మిగిలినది వేరే ఖాతాలో వేసి, నెల మొదట్లో ఒకే మొత్తం తీస్తాము. పండుగల ముందు ధర బాగా పలికినా ఆ మొత్తం పెంచము. అన్నిటికంటే కష్టంగా అదుపులోకి వచ్చినవి పెళ్లిళ్లలో చదివింపులు. మా గోదావరి జిల్లాల్లో ఇంట్లో కూర తగ్గించుకోవడం తేలిక, మర్యాద తగ్గించుకోవడం కష్టం. వాటికీ ఏడాదికింత అని విడిగా తీసి పెట్టడం మా ఆవిడ ఆలోచనే. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా ఖాతాలోంచే కట్టేలా బ్యాంకులో రాసిచ్చాము. రెండింటిలోనూ రక్షణ రెండేసి లక్షలు.

నోటు బాకీ తీరిన రోజున అసలు నోటునే వెనక్కి తీసుకున్నాము. బ్యాంకులో నగల మీద తీసుకున్న అప్పు ఇంకా ఉంది; ఏడాది గడువు దాటకుండా దాన్ని విడిపించాలి.