పేటెంట్ ఏజెంట్ ఎగ్జామ్: పేపర్ 2 పోయాకే క్లెయిమ్ అంటే ఏంటో తెలిసింది

ఫ్రెండ్స్, పేటెంట్ ఏజెంట్ (ఇతరుల తరఫున పేటెంట్ అప్లికేషన్లు రాసి వేసేవాళ్లు) ఎగ్జామ్ రిజల్ట్ వచ్చింది, క్లియర్ అయ్యాను! లిస్టులో రోల్ నంబర్ మూడుసార్లు సరిచూసుకుని అప్పుడు అమ్మకి ఫోన్ చేశా, మాట సరిగ్గా రాలేదు. మీలో చాలామంది నాలాగే ల్యాబ్ నుంచి వస్తున్నారు కాబట్టి ఇది రాస్తున్నా.

2023లో మొదటి అటెంప్ట్. పేటెంట్ చట్టం మీద ఉండే పేపర్ 1లో 71, డ్రాఫ్టింగ్ (పేటెంట్ రాయడం) మీద ఉండే పేపర్ 2లో 44. రెండిట్లోనూ 50 రావాలి, వైవాతో కలిపి 250కి 150 రావాలి అని మీకు తెలిసిందే, అంటే నాకు వైవా గడప తొక్కే అవకాశం కూడా రాలేదు. ఆరేళ్లు ఎంజైముల మీద పనిచేసినదాన్ని, డ్రాఫ్టింగ్ నాకు నల్లేరు మీద నడకే అనుకున్నా, సరిగ్గా అక్కడే దెబ్బతిన్నా.

వారం రోజులు పుస్తకం ముట్టుకోలేదు. తర్వాత ప్రాక్టీస్ నోట్‌బుక్ తీసి నేను రాసిన ఒక క్లెయిమ్ 1, అంటే ఆవిష్కరణ మీద మన హక్కు ఎంతవరకో చెప్పే మొదటి వాక్యం, చదివా. బట్టల సబ్బు పొడిలో వాడే లైపేజ్ అనే ఎంజైమ్ గురించి అది. పీహెచ్ 7.4, 37 డిగ్రీలు, 48 గంటల కల్చర్, ఏ బఫర్ వాడామో అన్నీ అందులోనే ఉన్నాయి. అచ్చం మెటీరియల్స్ అండ్ మెథడ్స్! రీసెర్చ్ పేపర్‌లో ఎంత వివరం ఇస్తే అంత మంచిది, క్లెయిమ్‌లో మాత్రం మనం చేర్చే ప్రతి మాటా మన హద్దును లోపలికి జరిపేస్తుంది. 7.4 అని రాసుకున్నాక పక్కవాడు పీహెచ్ 9లో చేసుకుంటే వాడిని ఏమీ అనలేం. మన పొలానికి మనమే కంచె వేస్తూ సగం పొలం బయట వదిలేసినట్టు. ఆ నంబర్లు ఉండాల్సింది డిపెండెంట్ క్లెయిముల్లో (ముందు క్లెయిమ్ మీద ఆధారపడి వివరం చేర్చేవి), ఎగ్జాంపుల్స్‌లో. ఇంకో పేజీలో రోగికి మందు ఇచ్చే పద్ధతినే క్లెయిమ్ చేశా, చికిత్స పద్ధతులకు పేటెంట్ ఇవ్వరని చెప్పే సెక్షన్ 3(ఐ) కంఠతా వచ్చి ఉండి కూడా.

ఆ రోజు నుంచి ఒక్కటే పని. గ్రాంట్ అయిన బయోటెక్ పేటెంట్ తీసుకోవడం, క్లెయిములు చూడకుండా వివరణ మాత్రమే చదవడం, క్లెయిమ్ 1 సొంతంగా రాయడం, తర్వాత అసలుదానితో పోల్చడం. రోజుకొకటి, పండగైనా సరే. మూడో నెలకి గానీ చేతికి అలవాటు కాలేదు.

పేపర్ 1కి బేర్ యాక్టే (వ్యాఖ్యానం లేని చట్టం మూలపాఠం). పాత నోట్స్ మాత్రం నమ్మకండి, 2024 మార్చి 15 నుంచి రూల్స్ మారాయి, మన అప్లికేషన్ పరిశీలించమని పేటెంట్ ఆఫీసును అడిగే ఎగ్జామినేషన్ రిక్వెస్ట్ గడువు 48 నెలల నుంచి 31కి తగ్గింది. తెలిసిన పదార్థానికి కొత్త రూపమైతే ఎఫికసీ (పనితనం) పెరగాలనే సెక్షన్ 3(డి)కి 2013 నోవార్టిస్ తీర్పు పేరు తెలిస్తే చాలదు, ఎఫికసీ అంటే సుప్రీంకోర్టు ఏమందో తెలియాలి. వైవాలో సెక్షన్ 10(4) మీదే ఎక్కువ అడిగారు, సూక్ష్మజీవిని ఎక్కడ డిపాజిట్ చేయాలి, ఎప్పటిలోగా అని. చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భండారం ఎంటీసీసీలో, ఫైలింగ్ తేదీ దాటకుండా అని చెప్పా.

సైన్స్ వదిలేసి పారిపోయావు అన్నవాళ్లున్నారు. నేను వదల్లేదు. మా ల్యాబ్‌లో నాలుగేళ్ల పని ముందు జర్నల్‌లో వచ్చేసింది, అప్లికేషన్ తర్వాత వేశారు, ఎగ్జామినేషన్ రిపోర్టులో మా పేపర్‌నే ప్రయర్ ఆర్ట్‌గా (అప్లికేషన్ కంటే ముందే బయటికొచ్చిన సమాచారంగా) మా ముందు పెట్టారు. ఆ రిపోర్టు చదివిన రోజే ఈ పరీక్ష రాయాలనుకున్నా. మొన్న మా గైడ్ గారు ఫోన్ చేసి, కొత్త పేపర్ పంపేముందు ఒకసారి నువ్వు చూడమ్మా అన్నారు. రిజిస్ట్రేషన్ పని ఒకపక్క నడుస్తోంది, ఆ డ్రాఫ్ట్ ఇప్పుడు నా టేబుల్ మీదే ఉంది, ముందు ప్రొవిజనల్ (తొలి తాత్కాలిక పేటెంట్ అప్లికేషన్) వేశాకే జర్నల్‌కి పంపుదాం సార్ అని చెప్పేశా.