సరే అనడానికి పెదవులు కలవక్కర్లేదు

పుక్కిలించిన నీళ్ళు నోట్లో ఆగకుండా కుడి మూల నుంచి కారి జాకెట్టు మీద పడ్డాయి. రెండోసారీ అంతే. నిద్రమత్తేమోలే అనుకుని కాఫీ కలుపుకున్నాను. మొదటి గుక్కలో సగం గడ్డం మీదికొచ్చింది. అప్పుడు వెళ్ళి అద్దంలో చూసుకున్నాను. ఎడమ చెంప నాదే. కుడి చెంప మాత్రం ఎవరో పట్టి కిందికి లాగి వదిలేసినట్టు జారిపోయి ఉంది. కన్ను మూద్దామంటే రెప్ప సగం దాకా దిగి ఆగిపోయింది. ఆ సందులోంచి తెల్లగుడ్డు కనిపిస్తోంది.

2023 జనవరి 3, మంగళవారం. ముక్కోటి మర్నాడు.

ముందురోజు తెల్లవారుజామున మూడింటి నుంచీ తెనాలి వైకుంఠపురం గుడి దగ్గర అమ్మతో వరసలో నిలబడ్డాను. దర్శనం అయ్యాక ఆవిణ్ణి ఇంట్లో దింపి, రైలెక్కి గుంటూరు వచ్చి, అటునుంచటే బడికి వెళ్ళాను. చెవి వెనక ఎముక అప్పటికే రెండు రోజులుగా లాగుతోంది. చలిగాలి కొట్టిందనుకున్నాను. ధనుర్మాసం మొదలైనప్పట్నుంచీ ఆరు గంటలు తిన్నగా పడుకున్న రాత్రి ఒక్కటి లేదు.

అమ్మకి అప్పటికి డెబ్భై ఆరేళ్ళు. నాన్న పోయి నాలుగేళ్ళు. తెనాలిలో సొంత ఇంట్లో ఒక్కతే ఉంటుంది. గుంటూరు రమ్మంటే అల్లుడింట్లో ఎన్నాళ్ళుంటానంటుంది. ఒకసారి బలవంతాన తీసుకొస్తే పన్నెండో రోజు సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. ముగ్గురు పనిమనుషులు మారారు. ఒకామె గిన్నెలు జిడ్డుగా తోముతుంది, ఒకామె ఎక్కువ మాట్లాడుతుంది, మూడో ఆమె అసలు మాట్లాడదు. తమ్ముడు డల్లాస్‌లో. మిగిలింది నేను. వారానికి నాలుగైదు రోజులు బడి నుంచి తిన్నగా తెనాలి బండి ఎక్కేదాన్ని. వేజండ్ల, సంగం జాగర్లమూడి, అంగలకుదురు. ఆ స్టేషన్ల పేర్లు నాకు ఎక్కాల్లా వచ్చు. వెళ్ళని రోజు ఫోన్లు. "ఏం లేదులే, బతికున్నానో లేదో నీకు తెలియాలి కదా అని చేశాను." ఇంకా కాదంటే గుండెల్లో నొప్పి. ఆ నొప్పికి రెండేళ్ళలో తొమ్మిదిసార్లు ఈసీజీ తీయించాను. తొమ్మిదీ బాగానే ఉన్నాయి.

మావారు నా మొహం చూసి పక్షవాతం అనుకున్నారు. ఆటోలో కొత్తపేట వెళ్ళేదాకా నా చెయ్యి వదల్లేదు. డాక్టరు గారు నింపాదిగా చేతులూ కాళ్ళూ నొక్కి చూసి, "కనుబొమ్మలు పైకెత్తండమ్మా" అన్నారు. ఎడమవైపు నుదుటి మీద గీతలు పడ్డాయి. కుడివైపు ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉండిపోయింది. ఆయన మొహం తేటపడింది. మెదడులో వచ్చే పక్షవాతమైతే సాధారణంగా నుదురు ముడత పడుతుంది, మూతే వంగుతుంది, మీకు నుదురు కూడా కదలడం లేదంటే ఇది మొహానికొచ్చే ఏడో నరం గొడవ, బెల్స్ పాల్సీ అన్నారు. ఆ నరం చెవి వెనక ఎముకలో ఒక సన్నటి సందులోంచి వస్తుందట. వాచిందంటే ఉబ్బడానికి చోటుండదు, ఆ ఇరుకులోనే నలిగిపోతుంది.

మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే మంచిదట, మేము మొదటిరోజే వెళ్ళాం. ప్రెడ్నిసొలోన్ రోజుకి 60 మిల్లీగ్రాములు ఐదు రోజులు, ఆ తర్వాత రోజుకి పదేసి తగ్గిస్తూ ఇంకో ఐదు రోజులు. స్టెరాయిడ్ కాబట్టి ముందు షుగర్ చూశారు. పగలంతా కంట్లో చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ పెట్టి రెప్ప మీద ప్లాస్టర్. కన్ను ఎండిపోతే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, మూతి సంగతి నెమ్మదిగా చూసుకోవచ్చు, ముందు కన్ను కాపాడుకోండి అని రెండుసార్లు చెప్పారు. ఎందుకొచ్చిందని అడిగాను. చాలామందికి కచ్చితంగా చెప్పలేం, ఒంట్లో ఎప్పట్నుంచో పడుకుని ఉన్న వైరస్ లేచి ఉండొచ్చు అన్నారు. "నిద్ర సరిగ్గా పోతున్నారా?" అని అడిగితే నేను జవాబు చెప్పేలోపే మావారు నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అమ్మ వల్ల నాకు జబ్బు చేసిందని ఆయన ఇప్పటికీ అంటారు. నేను అనను.

ఇంటికొచ్చాక తెలిసింది, కుడి చెవికి ప్రతి చప్పుడూ దెబ్బలాగా తగులుతోందని. చెవిలో శబ్దాన్ని అదుపు చేసే ఒక చిన్న కండరానికి కూడా ఆ నరమే దిక్కట. స్టీలు పళ్ళెం గట్టు మీద పెడితే నెత్తిన సుత్తితో కొట్టినట్టుంది. అలాంటప్పుడు ఫోను మోగింది. అమ్మ.

నేను తెలుగు పంతులమ్మని. ఇరవై మూడేళ్ళుగా ఆరో తరగతి పిల్లలకి ప, ఫ, బ, భ, మ ఓష్ఠ్యాలు, పెదవి పెదవి తగిలితేనే పుడతాయి అని, నా పెదవుల మీద వేలు పెట్టుకుని చూపిస్తూ వచ్చాను. ఆ రోజు నా నోటికి 'అమ్మా' అనడం రాలేదు. గాలి కుడివైపు నుంచి జారిపోయి 'అవ్వా' అని వినపడింది.

"ఎవరు మాట్లాడేది?" అంది అమ్మ.

వేలితో మూతి మూల పైకి ఎత్తి పట్టుకుని విషయం చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఏడుపు. "నా పాపమేనే తల్లీ. నేను పోయి ఉంటే నీకీ అగచాట్లు ఉండేవి కాదు. నాకోసం తిరిగి తిరిగే నీకిట్లా అయిందని అందరూ నన్నే అంటారు. ఆయనతో పాటు నన్నూ తీసుకుపోతే పీడా పోయేది." నేను అలా కాదమ్మా, నీ వల్ల కాదమ్మా, ఊరుకోమ్మా అని మూతి పట్టుకుని ఇరవై నిమిషాలు సముదాయించాను. లాలాజలం మణికట్టు దాకా కారింది. ఎలా ఉందే నీకు, నొప్పిగా ఉందా అని ఆవిడ అడగనేలేదన్న సంగతి, ఫోను పెట్టేశాక మావారు చెబితే గానీ నాకు తట్టలేదు. "నీ మూతి పట్టుకుని మీ అమ్మని ఓదారుస్తున్నావ్, అద్దంలో చూసుకున్నావా?" అన్నారాయన.

ఆయనే ఫోను తీసుకుని మోత ఆపేశారు. ఒక్క రోజులో అమ్మ నుంచి పద్నాలుగు ఫోన్లు వచ్చి ఉన్నాయి. చప్పుడు లేకుండా వెలిగి ఆరిపోయే ఆ తెరని పక్క మీద నుంచి చూస్తూ పడుకోవడం మొదటి రెండు రోజులూ నేరం చేస్తున్నట్టే ఉంది. మూడో రోజు నిద్ర పట్టింది.

ఆ వారమంతా ఏ మాటలు పలకగలను, ఏవి పలకలేను అని నాలో నేను లెక్కలు వేసుకుంటూ ఉండేదాన్ని. పెదవులు తగలకుండా పద్యాలు రాసిన కవులున్నారు, నిరోష్ఠ్యం అని పెద్ద విద్య. నాకది ఉచితంగా అబ్బింది. అప్పుడు గమనించాను, 'సరే' అన్న మాటకి పెదవులు కలవక్కర్లేదు. నలభై తొమ్మిదేళ్ళలో అమ్మతో నేను ఎక్కువగా అన్న మాట అదే. 'కుదరదు', 'రాలేను' కూడా అలాంటివే. ఉకారం కూడా ఓష్ఠ్యమే కదా అని తెలుగు మాస్టార్లు ఎవరైనా పట్టుకుంటారు, నిజమే, కానీ దానికి పెదవులు గుండ్రమైతే చాలు. వంకరమూతితో కూడా అర్థమయ్యేలా అనొచ్చు.

సంక్రాంతికి రమ్మంది. "రాలేను" అన్నాను. ఆవిడ ఒప్పుకుంది! "అవునులే, ఆ మొహంతో ఏం వస్తావు, చూసినవాళ్ళు నాలుగు రకాలుగా అంటారు" అంది. తోటలో నడిచినంత తేలిక. నా జన్మలో మొదటిసారి అమ్మకి కాదన్నాను, భూమి బద్దలవలేదు.

నాలుగో వారంలో పెదవి మూల చీమ పాకినట్టు ఒక్కసారి అదిరింది. ఫిజియోథెరపీ అమ్మాయి అద్దం ముందు కూర్చోబెట్టి మెల్లగా కనుబొమ్మలెత్తడం, ముక్కు చిట్లించడం, మూతి సున్నా చుట్టడం చేయించేది. బలవంతంగా చేయొద్దనేది. ఫిబ్రవరి రెండో వారంలో ఒకరోజు పుక్కిలించిన నీళ్ళు నోట్లో ఆగాయి. బాత్‌రూమ్‌లో ఆ నీళ్ళు ఉమ్మకుండా అలాగే కాసేపు నిలబడ్డాను. బడికి వెళ్తే ఒక పిల్ల, "టీచర్, మీరు నవ్వితే సగమే వస్తోంది" అంది. మిగతా సగం వచ్చే నెల ఇస్తానన్నాను.

మార్చి మొదటికల్లా చూసేవాళ్ళకి తెలియనంతగా సర్దుకుంది. ఇక్కడే ఒక సిగ్గుపడే సంగతి చెప్పాలి. అమ్మకి ఆ మాట చెప్పలేదు. ఫోన్లో కావాలనే మాట కాస్త ముద్దగా పలికేదాన్ని. "ఇంకా అట్లాగే ఉందా?" అంటే "ఊఁ" అనేదాన్ని. రెండు వారాలు అలా నెట్టుకొచ్చాక ఒక రాత్రి బోధపడింది. ఆవిడ గుండెల్లో నొప్పీ, నా మూతి వంకరా చేసే పని ఒకటే. నోటితో అడగలేనిది ఆవిడ గుండెతో అడుగుతోంది. నోటితో కాదనలేనిది నేను మూతితో అంటున్నాను. కూతుర్నే కదా మరి.

ఉగాది ముందు ఆదివారం తెనాలి వెళ్ళాను. అమ్మ వసారాలో చాప మీద కాళ్ళు చాపుకుని కొత్త చింతపండు ఈనెలు తీస్తోంది. నా గడ్డం పట్టుకుని మొహం వెలుతుర్లోకి తిప్పి చూసింది. వేళ్ళకి చింతపండు జిగురు. "బాగైపోయిందిగా! ఇంకేం, రేపట్నుంచి వస్తావు" అంది.

"రోజూ రాలేనమ్మా" అన్నాను. ఈసారి 'మ్మ' గట్టిగా పలికింది. బుధవారం సాయంత్రం, ఆదివారం పొద్దుణ్ణుంచి రాత్రిదాకా వస్తాను. పొద్దున ఏడింటికీ రాత్రి ఎనిమిదింటికీ నేనే ఫోను చేస్తాను, బడిలో ఉండగా తీయను. దీపాలు పెట్టే వేళ నీకు దిగులుగా ఉంటుంది కాబట్టి ఆరున్నరకి తమ్ముడు చేస్తాడు, వాడికప్పుడు తెల్లారుతుంది. గుండెల్లో నొప్పి వస్తే ముందు పక్కింటివాళ్ళని పిలువు, వాళ్ళు 108కి చేస్తారు, నేను వెనకే వస్తాను. చిలక పలుకుల్లా అప్పజెప్పాను. రైల్లో మూడుసార్లు మననం చేసుకున్నాను మరి.

అమ్మ చేతిలో చింతపండు అలాగే పట్టుకుని, "మీ నాయనమ్మ మంచంలో ఉంటే పదకొండేళ్ళు ఎత్తిపోశాను. ఒక్కనాడు కాదన్లేదు" అంది.

"చేశావు. నేను చూశాను కదా. ఆ పదకొండేళ్ళలో నువ్వు మీ చెల్లెలి పెళ్ళికి కూడా వెళ్ళలేదు."

ఆవిడ ఏదో అనబోయి ఆగింది. గింజ ఒకటి వేలితో నెట్టి, పళ్ళెంలో వేసింది. "పప్పులో ఉప్పు ఎక్కువైంది, చూసి వేసుకో" అంది. అంతే. ఇద్దరం మాట్లాడుకోకుండా తిన్నాం.

అంతటితో అయిపోయిందనుకుంటే నా అమాయకత్వం. మర్నాడే పిన్ని ఫోను, మధ్యాహ్నానికి మామయ్య ఫోను. మామయ్య 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం దాకా వెళ్ళాడు. ఆ చట్టం పోషించని పిల్లల గురించి మామయ్యా, నెలనెలా మందులూ సరుకులూ కరెంటు బిల్లూ ఎవరు చూస్తున్నారో కనుక్కో అన్నాను. తమ్ముడు మొదట్లో, "పెద్దావిడ కదక్కా, సర్దుకుపోవాలి" అన్నాడు. "నువ్వు ఆరున్నరకి సర్దుకో" అన్నాను. పాపం, సర్దుకున్నాడు, ఒకటి రెండు రోజులు తప్ప.

అమ్మ తొమ్మిది రోజులు నా ఫోను తీయలేదు. ఏడింటికీ ఎనిమిదింటికీ చేస్తూనే ఉన్నాను, ఆవిడ కట్ చేస్తూనే ఉంది. కట్ చేసిందంటే కులాసాగా ఉన్నట్టే కదా అని మావారు. బుధవారం వెళ్తే తలుపు తీసి వెనక్కి తిరిగి పడుకుంది. పక్క సర్ది, మందుల డబ్బా నింపి వచ్చాను. తిరుగు బండిలో ఏడ్చాను, రెండు కళ్ళతోనూ. పదో రోజు పొద్దున ఏడింటికి ఫోనెత్తి, "గ్యాస్ బండ అయిపోయింది" అంది.

జూన్‌లో ఒకరోజు నిజంగానే వాంతులై, మాట తడబడితే పక్కింటివాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేను చేరేసరికి గంటన్నర పట్టింది. సోడియం బాగా తగ్గిందన్నారు, బీపీ మాత్ర మార్చారు, మూడు రోజుల్లో ఇంటికొచ్చింది. "ఆ రోజు నువ్వు లేవు" అని ఇప్పటికీ అంటుంది. లేను. ఆ మాట పడ్డప్పుడల్లా గుచ్చుకుంటుంది, దానికి నా దగ్గర జవాబు లేదు. బుధవారం, ఆదివారం మాత్రం మార్చలేదు.

నరం తిరిగి అతుక్కునేటప్పుడు కొన్ని పోగులు దారి తప్పాయట. నవ్వినా, నమిలినా నా కుడి కన్ను దానంతటదే కాస్త మూసుకుంటుంది. మొన్న ఆదివారం మజ్జిగ పులుసులో గుమ్మడి ముక్క నములుతుంటే అమ్మ గరిటె ఆపి చూసింది.

"ఏమే, కన్నతల్లికే కన్ను కొడుతున్నావ్?"

పొలమారేదాకా నవ్వాను. ఆవిడా నవ్వింది. చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం పట్టుకుని నిలబడి, "రేపు రావుగా" అంది.

"రాను. బుధవారం."

"బుధవారం దాకా నేనుంటే కదా" అని లోపలికి తిరిగింది. మళ్ళీ వెనక్కొచ్చి, "వచ్చేటప్పుడు అరడజను నిమ్మకాయలు పట్రా, ఇక్కడ మండిపోతున్నాయి" అంది.