టమాటా నీళ్లు, కీర నీళ్లు

మంగళవారం, రాత్రి 9.15

ఇవాళ రాత్రికి చైనా ఇళ్లలో చేసుకునే టమాటా గుడ్డు కూర, పక్కన చితక్కొట్టిన కీర, అన్నం. టమాటాని అక్కడ ఫాన్‌చియె అని కూడా అంటారు, అంటే పరదేశపు వంకాయ. మన సీమచింత పేరు లాంటిదే. ఇద్దరికి సరిపడా వంట, పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి అరగంట. అన్నం ఉడకడానికే ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి ముందు బియ్యం పొయ్యెక్కాలి, తర్వాతే కత్తి పట్టాలి.

అన్నం తర్వాత కీర. దీనికి పదిహేను నిమిషాలు ఊరే సమయం కావాలి. రెండు కీరకాయల కొసలు కోసి రుచి చూడాలి, చేదుంటే ఆ కాయ పక్కన పెట్టేయాలి. చపాతీ కర్రతో కాయ పగిలేదాకా కొట్టి, అంగుళం ముక్కలుగా తుంచాలి. కత్తితో చక్రాలు కోస్తే పనికిరాదు. నున్నటి ముక్క మీద సాస్ నిలవదు, జారి గిన్నె అడుక్కి పోతుంది. పగిలిన ముక్క గరుకుగా ఉంటుంది, పులుసును పట్టుకుంటుంది. అర టీస్పూను ఉప్పు కలిపి జల్లెడలో వదిలేయాలి. కీరలో నూటికి 95 వంతులు నీళ్లే. ఈ నీళ్లు ఇప్పుడు పోకపోతే తినేటప్పుడు పళ్లెంలోకి దిగి అంతా చప్పబడుతుంది.

టమాటాది దీనికి తిరగబడిన లెక్క. దాని నీళ్లు మూకుట్లోకి రావాలి, అక్కడే ఉండాలి. అందుకే నాటు టమాటా, బాగా పండినవి, 400 గ్రాములు. గట్టి బెంగళూరు టమాటాలో కండ ఎక్కువ, రసం తక్కువ. అవే దొరికితే పావు కప్పు నీళ్లు చేర్చుకోవాలి. ఇనుప మూకుడు వద్దు. టమాటా పులుపుకి దాని మీద పట్టిన నూనె పొర లేచిపోతుంది, కూరకి ఇనుము వాసన వస్తుంది. స్టీలు బాణలి అయితే ముందు అది బాగా కాగాక నూనె పోయాలి, లేకపోతే గుడ్డు అంటుకుపోతుంది.

నాలుగు గుడ్లు, పావు టీస్పూను ఉప్పు వేసి గిలక్కొట్టాలి. రెండు టేబుల్ స్పూన్ల నూనె. ఒక చుక్క గుడ్డు వేస్తే వెంటనే పొంగాలి, అప్పటిదాకా ఆగాలి. పెద్ద మంట మీద గుడ్డులోని తేమ ఒక్కసారిగా ఆవిరై దాన్ని ఉబ్బిస్తుంది. సన్న మంట మీద ఆ పొంగు రాదు, రబ్బరులా సాగుతుంది. అంచులు గట్టిపడగానే గరిటెతో మధ్యకి తోస్తూ ముప్ఫై సెకన్లలో, ఇంకా కాస్త తడిగా ఉండగానే తీసేయాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పూర్తిగా ఉడికేదాకా ఉంచుతారు, టమాటాలో మళ్లీ వేసేసరికి అది రెండోసారి ఉడికి బిరుసెక్కుతుంది.

అదే బాణలిలో చెంచాడు నూనె, ఉల్లికాడల తెల్ల భాగం, టమాటా ముక్కలు, అర టీస్పూను ఉప్పు. ఉప్పు ముందే పడాలి, రసం బయటికి లాగేది అదే. మూత పెట్టి రెండు నిమిషాలు, తర్వాత గరిటెతో సగం ముక్కలు చిదిమి ఇంకో రెండు నిమిషాలు. ఒక టీస్పూను పంచదార తప్పదు. అది తీపి కోసం కాదు, నాటు టమాటా పులుపుని తగ్గించడానికి. టీస్పూను కార్న్‌ఫ్లోర్ రెండు చెంచాల చల్లటి నీళ్లలో కలిపి పోస్తే రసం కాస్త చిక్కబడి అన్నానికి అంటుకుంటుంది. వేడి నీళ్లలో కలిపితే మాత్రం ఉండలు కడుతుంది. గుడ్డు తిరిగి వేసి ముప్ఫై సెకన్లు, పైన ఉల్లికాడల పచ్చ భాగం.

కీర దగ్గరికి మళ్లీ. దిగిన నీళ్లు పారబోసి, రెండు వెల్లుల్లి రెబ్బలు దంచి, రెండు టీస్పూన్ల సోయా సాస్, అంతే వెనిగర్, అర టీస్పూను పంచదార కలపాలి. అక్కడ దీనికి వాడే నల్ల వెనిగర్ ధాన్యంతో చేసింది, మెత్తటి పులుపుతో ఉంటుంది. మన తెల్ల వెనిగర్ ఘాటు ఎక్కువ కాబట్టి ఇంతకు మించి పోయొద్దు. నూనె విషయంలో జాగ్రత్త. చైనా వాళ్ల నువ్వుల నూనె వేయించిన నువ్వులది, ముదురు రంగు, వాసన కోసం చివర చుక్కలు వేస్తారు. మన గానుగ నూనె పచ్చి నువ్వులది, ఆ వాసన దానికి లేదు. టీస్పూను నువ్వులు దోరగా వేయించి పొడి కొట్టి చల్లితే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

ఇది ఆరోగ్యమైన భోజనం అనడానికి ఉప్పు, సోయా సాస్ దగ్గరే అనుమానం. సోయా సాస్ ఒక టేబుల్ స్పూనులో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం (ఉప్పులో ఉండేదే) ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజుకి 2000 మిల్లీగ్రాముల లోపే ఉండాలంటోంది. అందుకే కూరలో సోయా సాస్ అసలు వేయలేదు, టమాటాకి ఉప్పు చాలు. గుడ్ల నుంచి మనిషికి పన్నెండు గ్రాముల దాకా ప్రొటీన్ వస్తుంది. ఇంకా కావాలనుకుంటే మెత్తటి టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) ముక్కలు టమాటా రసంలో రెండు నిమిషాలు మరిగించి, ఆ తర్వాతే గుడ్డు వేయొచ్చు. అప్పుడు కార్న్‌ఫ్లోర్ అర చెంచా పెంచాలి, టోఫు కూడా నీళ్లు వదులుతుంది.