ఫీజు ఎవరిది, సంతకం ఎవరిది

"ఫీజు మీరు కట్టొద్దు నాన్నా. కట్టారంటే ఆ సంగతి నా పెళ్లిలో కూడా చెప్తారు."

మా అమ్మాయి నవ్వుతూనే అంది. నాకు మాత్రం చురుక్కుమంది. పాత కారు మార్చకపోయినా, సోఫా కొనకపోయినా "అంతా నీ కాలేజీ కోసమే" అని దాని చెవిన వేస్తూ పెంచాం మరి.

మాది టెక్సస్. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో చేరితే స్థానికుల ఫీజుతో పోతుంది. తను కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ అంటోంది. బయటి రాష్ట్రం వాళ్లకు అక్కడ హాస్టలూ తిండీ అన్నీ కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతుంది. చదివేది సోషియాలజీ.

"లోన్ తీసుకుంటా" అంది. తన పేరు మీద మొదటి ఏడాది వచ్చే ఫెడరల్ లోన్ 5,500 డాలర్లు. నాలుగేళ్లకూ కలిపి 27 వేలు. మిగతాదానికి ప్రైవేట్ లోన్ అంటే నేను కోసైన్ చేయాలి, అంటే పూచీగా సంతకం పెట్టాలి. తల్లిదండ్రులు తీసుకునే ప్లస్ లోన్‌కి కూడా 2026 జూలై 1 నుంచి పరిమితి పెట్టారు: కొత్తగా తీసుకునేవాళ్లకు ఒక్కో పిల్లకి ఏడాదికి 20 వేలు, మొత్తం మీద 65 వేలు. ఈ లెక్కలు చూశాక, దాచడమెందుకు, లోలోపల సంతోషించాను. ఎంత స్వతంత్రం మాట్లాడినా సంతకం నాన్నదే కదా అని.

18 నిండితే పిల్లల్ని వదిలేస్తారని ఈ దేశం వాళ్లని ఇన్నేళ్లూ ఎద్దేవా చేశాం. కాలేజీ చదువుకి ప్రభుత్వ సాయం కోసం నింపే ఫాఫ్సా ఫారం దగ్గర మాత్రం పెళ్లికాని పిల్లలకు 24 వచ్చేదాకా, ఏవో కొన్ని మినహాయింపులు తప్ప, అమ్మానాన్నల ఆదాయమే లెక్క. ఒకే ఇంటి నుంచి ఇద్దరు కాలేజీలో ఉంటే ఆ భారాన్ని పంచి చూసే పద్ధతి 2024-25 నుంచి ఎత్తేశారు. మావాడు టెన్త్ గ్రేడ్, త్వరలో వాడూ కాలేజీకే. ఇక బాపట్లలో అమ్మ మందులకీ, ఆమె దగ్గరుండే మనిషి జీతానికీ నెలనెలా పంపే డబ్బు రాయడానికి ఆ ఫారంలో గడే లేదు. కాగితం మీద మేం బాగా ఉన్నవాళ్లం.

పిల్లలు చిన్నగా ఉన్న స్నేహితులకు నేను తెగ సలహాలిస్తుంటాను. పుట్టగానే 529 (పిల్లల చదువు కోసం దాచుకునే ఖాతా) తెరవండి, రిటైర్మెంట్ డబ్బు ముట్టుకోకండి, ఇంటి మీద అప్పు అసలే వద్దు అని. మొన్న అర్ధరాత్రి అదే ఇంటి మీద అప్పు, హోమ్ ఈక్విటీ లోన్ వడ్డీలు వెతుకుతూ మా ఆవిడకు దొరికిపోయాను. "రేపు ఎవరికి సలహా చెప్పడానికి చూస్తున్నారు?" అంది.

అప్పుతో బతుకు మొదలుపెట్టకూడదని అమ్మాయికి చెప్పబోయాను. నేను ఎమ్మెస్‌కి వచ్చింది మా నాన్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి. ఆయన ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను ఎత్తకుండా ఉండగలనా? నమ్మకం లేదు.

"కంప్యూటర్ సైన్స్ అయితే ఇంత లెక్క చూసేవారా?" అని అడిగింది చివరికి.

చూసేవాణ్ణే అన్నాను. అది నమ్మలేదు. మే 1లోగా సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ కట్టాలి, ఎక్కడ కట్టాలన్నది ఇంకా తేలలేదు.