నాన్నగారి మెడలోని రక్తనాళం

గత నెలలో ఒక ఉదయం పేపరు చదువుతున్న నాన్నగారికి ఎడమ కంటి ముందు పైనుంచి తెర దించినట్లు చీకటి కమ్మి, ఐదు నిమిషాల్లో దానంతటదే తొలగిపోయింది. కళ్లజోడు మార్చాలేమోనని మేము తేలికగా తీసుకోబోయాము కాని, కంటి డాక్టరుగారు కంటిలో లోపమేమీ లేదని చెప్పి, ఆ రోజే మెడకు, రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ చేయించమని పంపించారు.

చల్లటి జెల్ రాసి ప్రోబ్ ఆనించగానే, నాళం సన్నబడిన చోట రక్తం దూసుకుపోతున్న హోరు గదంతా వినిపించింది. మెదడుకూ కంటికీ రక్తం తీసుకెళ్లే ఎడమ కెరోటిడ్ ధమని 75 శాతానికి పైగా ఇరుకైందని సీటీ యాంజియోగ్రామ్ కూడా నిర్ధారించింది. ఇలా లక్షణాలు కనిపించి, ఇరుకు 70 శాతం దాటినవారిలో మందులు మాత్రమే వాడితే రెండేళ్లలో అదే వైపు స్ట్రోక్ (మెదడు పోటు) వచ్చే అవకాశం 26 శాతమనీ, నాళంలో పేరుకున్న కొవ్వు పూడికను తీసేసే ఆపరేషన్ కూడా చేస్తే అది 9 శాతానికి తగ్గిందనీ 1991లో వెలువడిన ఉత్తర అమెరికా అధ్యయనం తేల్చిందని సర్జన్‌గారు వివరించారు. డెబ్బై దాటిన వయసులో స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం) కంటే ఆపరేషనే మేలన్నారు. రెండు వారాలు దాటనివ్వకుండా చేయించాము.

మెడకు మాత్రమే మత్తు ఇచ్చి, కుడి చేతిలో పిండితే కీచుమనే రబ్బరు బొమ్మ పెట్టారట. ధమనిని క్లాంపుతో బిగించినప్పుడు ఆ కీచు ఆగిపోతే మెదడుకు రక్తం చాలడం లేదని అర్థం. అది ఆగలేదు.

ఇక ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు జీవితాంతం తప్పవు. సిగరెట్టు మానేశారు. ఆ బొమ్మను మనవడికి ఇవ్వనివ్వలేదని మాత్రం ఇప్పటికీ సణుగుతున్నారు.