ముగ్గు గీసి కొన్న టెంటు

పోయిన మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం మా డాబా మీద ముగ్గుపిండితో ఒక దీర్ఘచతురస్రం గీశాను. పొడవు 215 సెంటీమీటర్లు, వెడల్పు 130. చుక్కల్లేవు, మెలికల్లేవు. మా ఆయన్ని పిలిచి, "ఇందులో పడుకోండి" అన్నాను. ఆయన ఆరడుగుల మనిషి. నా మాటకు ఎదురు చెప్పే ఓపిక కూడా లేని మనిషి. పడుకున్నారు. పక్కన నేను పడుకున్నాను. పక్క డాబా మీద వడియాలు తీస్తున్న పిన్నిగారు మమ్మల్ని చూసి, పళ్లెం అక్కడే వదిలేసి కిందికి దిగిపోయారు.

ఇద్దరికి సరిపోయే తేలికపాటి టెంటు కొందామని మూడు నెలలుగా కంప్యూటర్ ముందు కూర్చున్నదానికంటే, ఆ ముగ్గులో పావుగంట పడుకున్నందుకు నాకు ఎక్కువ తెలిసింది. కొలతలు చదివినప్పుడు 130 సెంటీమీటర్లు విశాలంగానే అనిపిస్తుంది. మామూలు పరుపు చాప ఒక్కొక్కటి 51 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. రెండు వేస్తే 102. మిగిలిన జానెడు పైచిలుకు చోటులోనే నీళ్ల సీసా, టార్చిలైటు, ఆయన కళ్లజోడు, నా జడ. కొన్ని టెంట్లకు తలవైపు 130 ఉండి, కాళ్లవైపు 110కి తగ్గుతుంది. బరువు తగ్గించడానికి వాళ్లు వాడే ఉపాయాల్లో ఇదొకటి. అడుగుభాగం కొలత ఒక్కటే చూస్తే ఇది కనపడదు, బొమ్మ కూడా చూడాలి.

పొడవు విషయం ఇంకా మోసం. ఆరడుగులంటే 183 సెంటీమీటర్లు, 210 ఉంటే చాలు కదా అనుకుంటాం. కానీ టెంటు గోడలు నిట్టనిలువుగా ఉండవు, తలవైపూ కాళ్లవైపూ వాలి ఉంటాయి. చాప మందం పైన పడుకుంటే, ముఖానికి బెత్తెడు ఎత్తులో గుడ్డ. ఆ గుడ్డ తెల్లవారుజామున తడిగా ఉంటుంది. ఆ తడి కథ చెప్పాలంటే మా మొదటి టెంటు దగ్గరికి వెళ్లాలి.

నాలుగేళ్ల క్రితం రెండు వేల రూపాయలు పెట్టి తెప్పించాం. సంచీ మీద "ఇద్దరికి" అని ఉంది, "నీళ్లు పడవు" అని ఉంది. మే నెల, అమావాస్యకు రెండు రోజుల ముందు, కళింగపట్నం తీరంలో సరుగుడు చెట్ల ఇవతల వేశాం. నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను, సెలవులన్నీ ఎండాకాలంలోనే వస్తాయి. కాబట్టి మా టెంటు బతుకంతా ఎండాకాలమే. ఆ రాత్రి వాన చుక్క లేదు. ఆకాశంలో మబ్బు లేదు. అయినా తెల్లవారేసరికి దుప్పటి అంచులు పిండితే నీళ్లు కారాయి. మా ఆయన, "నీళ్లు పడవన్నారు, లోపలివి బయటికి పోవని వాళ్ల ఉద్దేశం కాబోలు" అన్నారు.

తప్పు గుడ్డది కాదు. ఒంటి పొర టెంటు అది, ఒకే గుడ్డ, అదీ ప్లాస్టిక్ పూత పూసింది. మన తీరంలో మే నెల రాత్రి గాలి నిండా తేమే. మబ్బు లేని రాత్రి పలుచటి గుడ్డ తనలోని వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడిపోతుంది. ఆ చల్లటి గుడ్డకు తేమ తగిలి మంచులా దిగుతుంది. దానికి తోడు లోపల ఇద్దరి ఊపిరి, చెమట. చల్లటి చెంబు బయట నీళ్లు పట్టినట్టే. ఆ చెంబులో మేం కాపురం చేస్తున్నాం, అంతే తేడా.

అందుకే ఈసారి రెండు పొరలదే కావాలని పట్టుబట్టాను. లోపలిది పూర్తిగా దోమతెర గుడ్డ. బయటిది నీళ్లు ఆపే పైకప్పు. రెంటి మధ్య బెత్తెడు గాలి. తేమ పైకప్పుకు పడుతుంది, అక్కడి నుంచి జారి అంచుల దగ్గర దిగిపోతుంది, మన ముఖానికి దోమతెర అడ్డు. వాన వచ్చే సూచన లేని రాత్రి పైకప్పు తీసేసి, వట్టి దోమతెరతో పడుకోవచ్చు. మన జిల్లాలో ఎండాకాలం బయట పడుకోవాలంటే నాకు తెలిసినంతలో ఇదొక్కటే దారి. లోపలి పొర కూడా సగం వరకు మామూలు గుడ్డతో కుట్టినవి ఉంటాయి, అవి చలి ప్రాంతాల వాళ్లకు. దుకాణంలో పిల్లవాడు అదే మంచిదని నాకు అంటగట్టబోయాడు. "బాబూ, మాది శ్రీకాకుళం" అన్నాను. అర్థం కాలేదు.

బరువు సంగతి. తేలికకు హద్దు లేదు, డబ్బుకు ఉంది. అమెరికా కంపెనీ బిగ్ ఆగ్నెస్ వాళ్ల కాపర్ స్పర్ రెండు పొరలది, ఇద్దరికి, సంచీతో కలిపి 1.4 కిలోల చుట్టూ తూగుతుంది. జెడ్‌ప్యాక్స్ వాళ్ల డూప్లెక్స్ అయితే అర కిలో పైచిలుకే, డైనీమా అనే గుడ్డ, చేతికర్రలనే స్తంభాలుగా నిలబెట్టాలి. రెండూ అక్కడే అయిదు వందల డాలర్లు దాటుతాయి. పైగా రెండోది ఒంటి పొర. కళింగపట్నంలో నేను ఒకసారి తడిశాను, అంత డబ్బు పోసి మళ్లీ తడవాలా?

నేను కొన్నది రెండు కిలోల చిల్లర, పదమూడు వేలు. చీటీ మీద 1.9 అని రాసి ఉంది. మా వీధి కిరాణా కొట్టులో కాటా మీద పెడితే 2.18 వచ్చింది. కొట్టు ఆయన, "కాటా సరిగ్గానే ఉందమ్మా, నిన్ననే చింతపండు తూచాను" అని నొచ్చుకున్నాడు. కాటా తప్పు కాదు. కంపెనీలు రెండు బరువులు రాస్తాయి. ఒకటి పొరలూ కడ్డీలూ మాత్రమే. రెండోది మేకులు, తాళ్లు, సంచులు అన్నీ కలిపి. పెద్ద అక్షరాల్లో ఉండేది మొదటిది. మోసేది రెండోది. అయినా ఇద్దరం పంచుకుంటే మనిషికి కిలో పైన. కడ్డీలూ మేకులూ ఆయన సంచీలో, గుడ్డ నా సంచీలో. మనిషికి నాలుగు వందల గ్రాములు తగ్గించుకోవడానికి ముప్పై వేలు పెట్టే బదులు, మేం అటుకులూ బెల్లంతో పాటు మోసే ఆ మూడో స్టీలు గిన్నెను ఇంట్లో వదిలితే సరిపోతుంది. ఆ గిన్నె విషయంలో మా ఇంట్లో ఇంకా తీర్పు రాలేదు.

గుడ్డ గురించి చెప్పాలంటే అమ్మ గురించి చెప్పాలి. మాది పొందూరు. అమ్మ ముప్పై ఏళ్లు ఒంటి కదురు రాట్నం మీద సన్న నూలు వడికింది. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఒక్క నలుసు లేకుండా ఏకి, వందో నంబరు నూలు తీసేది. టెంటు విప్పి హాల్లో పరిచినప్పుడు వచ్చి, పైకప్పు అంచును రెండు వేళ్ల మధ్య పట్టి నలిపింది. కళ్లు మూసుకుంది.

"ఎన్నో నంబరే ఇది?"

గుడ్డ చీటీ మీద 20 డెనియర్ అని ఉంది. నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. కాబట్టి అంకె తగ్గే కొద్దీ దారం సన్నం. నూలు నంబరు దీనికి తలకిందులు, పౌండు బరువుకు 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని తూగితే అన్నో నంబరు. అమ్మ వందో నంబరును డెనియర్లలోకి మారిస్తే 53 వస్తుంది. ఈ గుడ్డ దారాన్ని అమ్మ లెక్కలో చెబితే 266వ నంబరు.

"అబద్ధం" అంది అమ్మ. ఇంకోసారి నలిపింది. "పత్తి కాదు కదా."

"కాదమ్మా. పాలిస్టర్."

"అదీ సంగతి. దూది పింజకు ఆ బలం లేదు" అని, ఏదో గెలిచినట్టుగా వంటింట్లోకి వెళ్లిపోయింది.

అదే మాటను కంపెనీవాళ్లు పది పేజీల్లో చెబుతారు. అంత సన్నటి దారమైనా తెగకుండా ఉండడానికి మధ్య మధ్య కొంచెం లావు దారం గళ్లుగా వేస్తారు, చిన్న చిరుగు పెద్దది కాకుండా ఆ గడి దగ్గర ఆగుతుంది. నైలాన్‌కు బలం ఎక్కువే. కానీ తడిస్తే సాగుతుంది, సాయంత్రం బిగించి కట్టిన పైకప్పు అర్ధరాత్రికి వేలాడుతుంది, లేచి మళ్లీ బిగించాలి. పాలిస్టర్ అంతగా సాగదు, ఎండను కూడా మెరుగ్గా తట్టుకుంటుంది. మన ఎండకూ మన తేమకూ నేను పాలిస్టర్ వైపే. ఇంకో అంకె, 3000 మిల్లీమీటర్లు అని ఉంటుంది. గుడ్డ మీద అంత ఎత్తు నీటి స్తంభాన్ని నిలబెడితే అప్పటికి నీరు కారడం మొదలవుతుందని అర్థం. పైకప్పుకు 1500 ఉన్నా ఎండాకాలపు వానకు సరిపోతుంది. కుట్ల మీద పట్టీ అంటించి ఉందా లేదా అన్నది దానికంటే ముఖ్యం, నీళ్లు వచ్చేది సూది దూరిన చోటు నుంచే.

పాత టెంటు ఎలా చచ్చిందో చెప్పలేదు కదా. తడిగానే మడిచి ఇనుప బీరువా పైన పెట్టాం. రెండు వర్షాకాలాల తర్వాత తీస్తే లోపలి పూత కరిగి జిగురైపోయింది. పొర పొరకు అంటుకుని, పుల్లటి కంపు. పాలీయూరితేన్ పూతకు వేడీ తేమా కలిస్తే పట్టే రోగం ఇది. ఈ రెండింటికీ మా ఊళ్లో కరువు లేదు. ఇప్పుడు ప్రతి ప్రయాణం తర్వాత డాబా మీద నీడ పట్టున ఒక పూటంతా ఆరబెట్టి, బిగించి చుట్టకుండా పాత దిండు గలీబులో వదులుగా పెడుతున్నాను.

కడ్డీలు అల్యూమినియంవే కొనండి, ఇందులో వాదన లేదు. పాత వాటిది ఫైబర్‌గ్లాస్. గాలికి వంగి చీలినప్పుడు దాని పేడు నా బొటనవేలిలో దిగి, నాలుగు రోజులు బోర్డు మీద రాయలేకపోయాను.

మేకులు కొట్టకుండానే తన కాళ్ల మీద తాను నిలబడే రకం తీసుకున్నాం. ఇది మహేంద్రగిరి కోసం. కొండ ఒడిశా గజపతి జిల్లాలోదే అయినా మందస వాళ్లకు అది ఇంటి వెనక కొండే. ఎత్తు 1501 మీటర్లు. కింద పలాసలో చొక్కా ఒంటికి అతుక్కుంటుంటే, పైన తొమ్మిది పది డిగ్రీలు తక్కువ ఉంటుంది. రాతి మీద మేకు దిగదు, బండరాళ్లకు తాళ్లు కట్టుకోవాలి. భీముడి గుడి వైపు నుంచి వచ్చే గాలికి పైకప్పు రాత్రంతా చప్పుడు చేసింది. కానీ లోపల పొడిగా ఉంది. తెల్లవారి దోమతెరను చేత్తో తడిమి చూశాను, ఒక్క బొట్టు లేదు. ఆయన్ని నిద్ర లేపి మరీ చెప్పాను. రెండు వైపులా తలుపులున్న టెంటు కాబట్టి ఆయన రాత్రి రెండుసార్లు బయటికి వెళ్లినా నన్ను దాటి వెళ్లలేదు. ఒంటి తలుపుతో నూట యాభై గ్రాములు తగ్గుతుందట. ఉంచుకోమనండి.

ఒక మాట. ఉద్దానం జీడితోటల్లో చల్లగా ఉంటుంది, వేసుకుందామని కొందరు అడుగుతున్నారు. ఆ తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, జీడిపళ్లకూ పనసపళ్లకూ వస్తాయి. దోమతెర దోమకే. అలాగే ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుము వినిపిస్తే ఒంటి చెట్టు కింద, కొండ కొమ్మున టెంటులో ఉండకండి, ఏ టెంటూ పిడుగును ఆపదు.

ఇసుకలో మాత్రం నిలబడే రకమైనా తాడు కట్టాల్సిందే, లేకపోతే ఖాళీ టెంటు గాలిపటమవుతుంది. ఈ మే నెలలో మళ్లీ కళింగపట్నం వెళ్లాం. మేకు కొట్టిన ప్రతిసారీ ఊడి వస్తోంది. వల ఆరబెడుతున్న ఒక పెద్దాయన కాసేపు చూసి, "ఇసకలో నిలువు గూటం ఆగదమ్మా, అడ్డంగా పాతాలి" అన్నాడు. పక్కనున్న ఎండు కొబ్బరి మట్టను మోకాలికి ఆనించి మూరెడు ముక్కలు చేశాడు. ఒక్కో ముక్క నడుముకు తాడు ముడేశాడు. మోచేతి లోతు గొయ్యి తీసి, ముక్కను తాడుకు అడ్డంగా పడుకోబెట్టి, ఇసుక పోసి మడమతో తొక్కాడు. నేను రెండు చేతులతో లాగాను. కదల్లేదు. మా ఆయన లాగారు. తాడు పాడుతున్నట్టు మోగింది కానీ మట్ట రాలేదు. నాలుగు మూలలా అలాగే పాతాం. సంచీలో అల్యూమినియం మేకులు ఎనిమిదీ నిద్రపోయాయి.

పొద్దున తీసేటప్పుడు లెక్కపెడితే మేకులు ఏడే ఉన్నాయి. మొదట కొట్టి వదిలేసినదేదో ఇసుకలో మిగిలింది. గంట వెతికాం. ఊరికి వచ్చాక సైకిలు షాపులో పాత చక్రం పుల్ల ఒకటి అడిగితే, జానెడు కోసి, కొస వంచి ఇచ్చి, డబ్బులు వద్దన్నాడు. కిరాణా కాటా మీద దాన్ని పెట్టి చూశాం. ముల్లు కదల్లేదు.