255 తరువాత 511

ఏటీమెగా328పి చిప్‌తో నీటి ప్రవాహాన్ని కొలిచే చిన్న పరికరం ఒకటి తయారుచేస్తూ, సెన్సర్ పల్సులను ఇంటరప్ట్ రొటీన్‌లో (పల్సు రాగానే నడుస్తున్న పనిని మధ్యలో ఆపి చిప్ నడిపే చిన్న కోడ్‌లో) లెక్కించి, ఆ లెక్కను ప్రధాన లూప్‌లో చదివి సీరియల్ పోర్టుకు పంపేలా సీ ప్రోగ్రామ్ రాశాను. కంపైలర్‌లో ఆప్టిమైజేషన్ (కోడ్‌ను వేగంగా, చిన్నగా మార్చే సదుపాయం) పెట్టగానే లెక్క సున్నా దగ్గరే నిలిచిపోయింది. ఆ లెక్క ఉన్న వేరియబుల్‌కు వోలటైల్ అనే సీ పదం చేర్చగానే కదిలింది. ఇది అందరూ చేసే పొరపాటే.

అసలు చిక్కు ఆ తరువాత మొదలైంది. ఎప్పుడో ఒకసారి 255 తరువాత 256 రావలసిన చోట 511 కనిపించేది, మరుక్షణమే లెక్క సరిగ్గా ఉండేది. సెన్సర్ తీగలను అనుమానించి రెండు సాయంత్రాలు వృథా చేసుకున్నాను. చివరకు డిసాసెంబ్లీ (కంపైలర్ తయారుచేసిన యంత్ర ఆదేశాల జాబితా) తెరిచి చూస్తే కారణం కళ్ళెదుటే ఉంది. ఇది 8 బిట్ల ప్రాసెసర్ కనుక 16 బిట్ల సంఖ్యను మెమరీ నుంచి ఒకేసారి తెచ్చుకోలేదు. నా ప్రోగ్రామ్‌లో ముందు కింది బైటు, తరువాత పై బైటు రెండు వేర్వేరు ఆదేశాలతో వస్తున్నాయి. కింది బైటుగా 255 చదివిన వెంటనే ఇంటరప్ట్ వచ్చి లెక్కను 256 చేస్తే, పై బైటు 1గా చేతికి అందుతుంది. పై బైటులో 1 అంటే 256, దానికి 255 కలిసి 511 అవుతుంది. విలువను ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని వోలటైల్ కంపైలర్‌కు చెబుతుందే తప్ప, ఆ చదవడం మధ్యలో తెగకూడదని చెప్పదు.

ఇంటరప్టులను ఆపి, విలువను లోకల్ వేరియబుల్‌లోకి నకలు చేసుకుని, మళ్ళీ అనుమతించడంతో సమస్య తీరింది. అయితే ఆపే ముందు స్టేటస్ రిజిస్టరు (ఇంటరప్టులకు అనుమతి ఉందో లేదో కూడా ఇందులోనే ఉంటుంది) విలువను దాచి, తరువాత దాన్నే తిరిగి రాయడం మేలు. లేకపోతే ఇంటరప్టులు ముందే ఆపి ఉన్న చోటి నుంచి ఈ ఫంక్షన్‌ను పిలిచినప్పుడు అవి మనకు తెలియకుండానే తెరుచుకుంటాయి.